వలందుల లెక్కల పుస్తకం

ఏటా వేసవిలో నాకో ఈమెయిల్ వస్తుంది. నేను పనిచేసే కంపెనీ జీతంతో పాటు కొన్ని షేర్లు కూడా ఇస్తుంది. అంచేత కాగితం మీద నేను కూడా ఆ కంపెనీకి యజమానినే, కోటిలో ఒక వంతో అంతకన్నా తక్కువో. సర్వసభ్య సమావేశం జరగబోతోంది, ఈ డైరెక్టర్లను మళ్ళీ ఎన్నుకోవడం మీకు సమ్మతమేనా, ఈ ఆడిటర్లనే కొనసాగించొచ్చా, పై అధికారుల జీతాల పద్ధతి మీకు ఆమోదమేనా అంటూ ఓ పది ప్రశ్నలుంటాయి. పక్కనే వంద పేజీల పీడీఎఫ్. ఏడేళ్ళుగా ఆ పీడీఎఫ్ తెరవకుండానే నేను అన్నిటికీ 'సమ్మతమే' అని నొక్కేస్తూ వచ్చాను. అరనిమిషం పని.

కిందటేడు అలా నొక్కిన రోజు పొద్దున్నే మా టీములో ఒక కుర్రాణ్ణి మందలించాను. ఎనిమిది వందల లైన్ల కోడ్ మార్పుని రెండు నిమిషాల్లో 'బాగుంది' అని ఆమోదించేశాడు. "చదవకుండా అప్రూవ్ చేసేకన్నా అసలు రివ్యూ లేకపోవడమే నయం. అప్పుడు కనీసం ఎవరో చూశారులే అన్న భ్రమైనా ఉండదు," అన్నాను పెద్దరికంగా. సాయంత్రానికి నేను చేసిన పని అదే. అది నాకు తట్టేసరికి రాత్రయింది.

సరే, ఈ ఓటు అసలు ఎక్కణ్ణుంచి వచ్చింది, కంపెనీని నడిపేవాళ్ళని "లెక్క చూపించండి" అని అడిగే హక్కు మొదట ఎవరు కోరారు అని చదవడం మొదలుపెట్టాను. నేను చరిత్రకారుణ్ణి కాను, చదివింది ఇంజనీరింగు. కానీ ఆ చదువు నన్ను తిప్పి తిప్పి మా అమ్మమ్మగారి ఊరికి, బందరుకే తీసుకెళ్ళింది. బందర్లో పరాసుపేట ఉంది, ఇంగ్లీషుపాలెం ఉంది, వలందపాలెం ఉంది. పరాసులంటే ఫ్రెంచివాళ్ళు. వలందులంటే హాలండువాళ్ళు, అంటే డచ్చివాళ్ళు. చిన్నప్పుడు సెలవులకి వెళ్ళి ఆ వీధుల్లో తిరిగినప్పుడు ఆ పేర్లెందుకొచ్చాయో నేనెవర్నీ అడగలేదు. వలందులు అక్కడికి వచ్చింది ఒక దేశం తరఫునో రాజు తరఫునో కాదు, ఒక కంపెనీ తరఫున. ఆ కంపెనీలోనే మొట్టమొదట వాటాదారులకీ డైరెక్టర్లకీ మధ్య పెద్ద తగవు నడిచింది.

*

1602 మార్చి 20న నెదర్లాండ్స్ పాలక సభ అయిన స్టేట్స్ జనరల్ ఒక సనదు ఇచ్చింది. అప్పటిదాకా ఒక్కో రేవుపట్నంలో ఒక్కో బృందం డబ్బు పోగుచేసి ఓడలు పంపేది. ఓడ తిరిగొచ్చాక సరుకు అమ్మి, లాభం పంచుకుని, ఎవరి దారిన వాళ్ళు పోయేవాళ్ళు. వీళ్ళలో వీళ్ళే పోటీ పడి, తూర్పున మిరియాల ధర పెంచేసి, ఇంటిదగ్గర ధర పడగొట్టుకుంటున్నారని, రాజ్యంలో పలుకుబడి ఉన్న ఓల్డెన్‌బార్నెఫెల్ట్ పూనుకుని అందర్నీ ఒక్క గొడుగు కిందికి తెచ్చాడు. అలా పుట్టిందే వీఓసీ, డచ్చి ఈస్టిండియా కంపెనీ. కేప్ ఆఫ్ గుడ్‌హోప్‌కి తూర్పున వ్యాపారం చేసే హక్కు డచ్చివాళ్ళలో దానికొక్కదానికే. కోటలు కట్టొచ్చు, సైన్యాన్ని పెట్టుకోవచ్చు, రాజులతో ఒప్పందాలు చేసుకోవచ్చు.

నడిపే పద్ధతి చూడండి. ఆరు పట్నాలకి ఆరు శాఖలు: ఆమ్‌స్టర్‌డామ్, మిడిల్‌బర్గ్, డెల్ఫ్ట్, రోటర్‌డామ్, హోర్న్, ఎంక్‌హౌజెన్. వీటి మీద పదిహేడు మంది పెద్దల మండలి. డబ్బులో సగానికి పైగా ఆమ్‌స్టర్‌డామ్‌దే అయినా దానికి ఎనిమిది స్థానాలే ఇచ్చారు. మిడిల్‌బర్గ్‌కి నాలుగు, మిగతా నాలుగు పట్నాలకి తలా ఒకటి. పదిహేడో స్థానం ఆమ్‌స్టర్‌డామ్‌కి తప్ప మిగతావాళ్ళకి వంతులవారీగా దక్కుతుంది. అంటే పెద్దన్న ఒక్కడే అన్నీ తేల్చేయకుండా ముందే కట్టడి చేశారు. పట్నాల మధ్య న్యాయం ఎలాగన్నది ఇంత జాగ్రత్తగా ఆలోచించినవాళ్ళు, డబ్బు పెట్టిన మనిషికీ డబ్బు వాడే మనిషికీ మధ్య న్యాయం ఎలాగన్న ప్రశ్నని మాత్రం దాదాపు వదిలేశారు.

మూలధనం దాదాపు 64 లక్షల గిల్డర్లు. ఎవరైనా వాటా కొనొచ్చు, ఎంతైనా పెట్టొచ్చు. ఆమ్‌స్టర్‌డామ్‌లో దిర్క్ వాన్ ఓస్ అనే డైరెక్టరు ఇంట్లో చందా పుస్తకం తెరిచారు. ఆగస్టు చివరికి 1,143 మంది పేర్లు రాయించుకున్నారు. గడువు ముగిసే వేళకి ఆ ఇంట్లో పనిచేసే నీల్చెన్ కోర్నెలిస్ అనే పనిమనిషి కూడా వంద గిల్డర్లు పెట్టింది. ఏ రోజుకారోజు చిల్లర కూడబెట్టుకున్న మనిషి అయ్యుండాలి. అదే పుస్తకంలో అందరికన్నా పెద్ద మొత్తం 85,000 గిల్డర్లు. అది ఇసాక్ లె మేర్ అనే వర్తకుడిది. నా కంపెనీ ఈమెయిల్ చూసినప్పుడల్లా నాకిప్పుడు నీల్చెన్ గుర్తొస్తుంది. ఆమెకి ఓటు లేదు. ఆ మాటకొస్తే 85,000 పెట్టిన లె మేర్‌కీ వాటాదారుగా ఓటు లేదు.

డైరెక్టర్లని వాటాదారులు ఎన్నుకోరు. మొదటి జట్టు పాత కంపెనీల వాళ్ళే, పదవి జీవితాంతం. ఎవరైనా పోతే మిగిలినవాళ్ళు కొన్ని పేర్లు సూచిస్తారు, వాటిలోంచి ప్రభుత్వం వాళ్ళు ఎంచుతారు. ఇంకా చిత్రమైనది వాళ్ళ ప్రతిఫలం. ఓడల్ని సిద్ధం చేయడానికయ్యే ఖర్చులో ఒక శాతం, తిరిగొచ్చిన సరుకు అమ్మకంలో ఒక శాతం. లాభంలో కాదు, ఖర్చులో! ఎంత ఎక్కువ ఖర్చుపెడితే అంత ఎక్కువ వాళ్ళ జేబులోకి. పని పూర్తయిందా అని చూడకుండా ఎన్ని గంటలు పనిచేశామో దానికి బిల్లు వేసే కాంట్రాక్టులు మా రంగంలో చాలా చూశాను. దాని ముత్తాత ఇక్కడ దొరికింది.

వాటాదారుకి సనదు ఇచ్చిన మాట ఒక్కటే. పదేళ్ళకి, అంటే 1612లో, లెక్కలన్నీ తేల్చి బయటపెడతారు. అప్పుడు కావాలంటే ఎవరి డబ్బు వాళ్ళు వెనక్కి తీసుకోవచ్చు.

*

అంతవరకూ ఆగలేనివాడు లె మేర్. ఇతను మొదట్లో డైరెక్టరే. 1605లో ఖర్చుల లెక్కల్లో తేడాలున్నాయన్న ఆరోపణ మీద బయటికి రావాల్సొచ్చింది. కాబట్టి ఇతన్ని మరీ సత్యహరిశ్చంద్రుడిగా చూపించలేను. 1609 జనవరిలో ఓల్డెన్‌బార్నెఫెల్ట్‌కి సుదీర్ఘమైన విన్నపం పెట్టుకున్నాడు. కంపెనీ తనకిచ్చిన గుత్తహక్కుని సరిగ్గా వాడుకోవడం లేదు, డబ్బు పెట్టినవాళ్ళని చీకట్లో ఉంచుతోంది అని దాని సారాంశం. కంపెనీలో వాటాదారు నాయకత్వాన్ని నిలదీసిన తొలి పత్రంగా ఇప్పుడు దీన్ని చెప్పుకుంటారు.

అదే సంవత్సరం లె మేర్ ఇంకో పని కూడా చేశాడు. కొందరితో కలిసి రహస్యంగా ఒక ముఠా కట్టి, తమ దగ్గర లేని షేర్లని ముందు తేదీకి అమ్మడం మొదలుపెట్టాడు. ధర పడిపోతే అప్పుడు చవగ్గా కొని అప్పజెప్పొచ్చన్నమాట. ఇప్పుడు మనం షార్ట్ సెల్లింగ్ అంటున్నదే. కంపెనీ గురించి చెడు కబుర్లు పుట్టిస్తున్నారని డైరెక్టర్లు గోలపెట్టారు. వెధవరాళ్ళూ అనాథలూ నష్టపోతున్నారని కన్నీళ్ళు పెట్టుకున్నారు. 1610 ఫిబ్రవరిలో చేతిలో లేని షేర్లు అమ్మకూడదని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. ముఠా చితికిపోయింది.

లె మేర్ నోరు అడిగిన ప్రశ్న న్యాయమైనది, చెయ్యి చేసిన పని స్వార్థం. నాకు ఈ మనిషి నచ్చడానికి కారణం కూడా ఇదే. లెక్క అడిగేవాడు శుద్ధాత్ముడై ఉండాలని మనం కోరుకుంటాం. "వాడికేం ప్రయోజనం లేకపోతే ఎందుకడుగుతాడు" అని ప్రశ్నని పక్కకి తోసేస్తాం. డైరెక్టర్లు చేసింది అదే. అడిగినవాడి గుణం గురించి మాట్లాడారు, అడిగిన లెక్క గురించి మాట్లాడలేదు.

ఆ గోల తర్వాతే, 1610లో, వాటాదారులకి మొదటి డివిడెండు వచ్చింది. ఎలా వచ్చిందనుకున్నారు? జాపత్రి రూపంలో! కంపెనీ దగ్గర గోడౌన్ల నిండా సుగంధద్రవ్యాలున్నాయి గానీ చేతిలో నగదు లేదు. ఆ తర్వాత మిరియాలు, కొద్దిగా డబ్బు. నీల్చెన్ తన వాటా అప్పటికీ ఉంచుకుని ఉంటే, ఆ జాపత్రి పట్టుకుని ఏ వంటింటికి వెళ్ళేదో.

1612 వచ్చింది. లెక్కలు తేల్చలేదు. ఇప్పుడు వీల్లేదని డైరెక్టర్లు అన్నారు, ప్రభుత్వం సరేనంది. డబ్బు కావాలంటే మీ వాటా ఇంకొకరికి అమ్ముకోండి అన్నారు. ఆల్బర్ట్ హిర్ష్‌మన్ 1970లో రాసిన 'ఎగ్జిట్, వాయిస్ అండ్ లాయల్టీ' అనే చిన్న పుస్తకం ఒకటుంది. ఏదైనా సంస్థ నచ్చకపోతే మనిషికి రెండు దారులుంటాయంటాడు: వెళ్ళిపోవడం, లేదా నోరెత్తడం. ఆమ్‌స్టర్‌డామ్ షేర్ల బజారు ఎదగడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. నోరెత్తే దారి మూసేశారు గనక వెళ్ళిపోయే దారి వెడల్పయింది.

*

ఇక్కడ డైరెక్టర్ల వైపు నుంచి కూడా చూడాలి. అందుకు ఆమ్‌స్టర్‌డామ్ వదిలి బందరు రావాలి.

1605లో డచ్చి ఓడ ఈ తీరానికొచ్చింది. 1606లో గోల్కొండ సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్‌షాతో ఒప్పందం కుదిరి, బందర్లోనూ నిజాంపట్నంలోనూ కొఠీలు పెట్టుకున్నారు. 1610లో దక్షిణాన పులికాట్ చేరారు. 1613లో అక్కడ ఖెల్డ్రియా కోట కట్టారు. వీళ్ళకి కావాల్సింది లవంగాలు, జాజికాయ, జాపత్రి. అవి పండేది ఇక్కడ కాదు, తూర్పున మొలక్కా, బందా దీవుల్లో. మరి కృష్ణా గోదావరి డెల్టాల దగ్గర వీళ్ళకేం పని?

ఎందుకంటే ఆ దీవులవాళ్ళు జాజికాయకి బదులుగా అడిగింది యూరపు సరుకు కాదు, మన బట్ట. అద్దకం బట్టలు, కలంకారీలు, గళ్ళ నేతలు, రంగుల తాన్లు. ఏ దీవికి ఏ రంగు, ఏ అంచు కావాలో కూడా కచ్చితంగా చెప్పేవాళ్ళు. అందుకని యూరపు నుంచి వెండీ బంగారం తెచ్చి, ఇక్కడ వర్తకులకి బయానా ఇచ్చి, వాళ్ళ ద్వారా సాలెల చేత నేయించి, ఆ బట్టని దీవులకి మోసి, సుగంధద్రవ్యాలు కొని, అవి ఆమ్‌స్టర్‌డామ్ పంపాలి. 1612లో హెండ్రిక్ బ్రౌవర్ అనే అధికారి, మొలక్కాలకి కోరమాండల్ తీరం ఎడమచెయ్యి లాంటిదని పైవాళ్ళకి రాశాడు.

ఇలాంటి చక్రం తిరగడానికి ఏళ్ళు పడుతుంది. బందర్లో ఈ ఏడు ఇచ్చిన బయానా ఆమ్‌స్టర్‌డామ్‌లో లాభంగా కనిపించేసరికి మూడు నాలుగేళ్ళు గడుస్తాయి. మధ్యలో కోటలు, ఓడలు, పోర్చుగీసువాళ్ళతో యుద్ధాలు. 1612లో లెక్క తేల్చి అందరి డబ్బూ వెనక్కిచ్చి ఉంటే ఈ చక్రం అక్కడితో ఆగిపోయేది. పెట్టిన డబ్బు ఎప్పటికీ కంపెనీలోనే ఉండిపోవడమే వీఓసీని అంతకుముందరి కంపెనీల నుంచి వేరు చేసిందని ఆర్థిక చరిత్రకారులంటారు. ఒప్పుకోవాల్సిందే. మాట తప్పడం వల్లే కంపెనీ నిలబడింది. దూరదృష్టి ఉన్న నాయకత్వానికి మూడు నెలలకోసారి లెక్క అడిగే వాటాదారులు అడ్డమని ఇప్పటి కంపెనీ అధిపతులు చేసే వాదన కూడా ఇదే.

కానీ అదే స్వేచ్ఛ ఇంకేం చేసిందో కూడా చూడాలి. ఈ చక్రాన్ని అందరికన్నా బాగా అర్థం చేసుకున్నవాడు గవర్నర్ జనరల్ యాన్ పీటర్సన్ కూన్. ఆసియాలో రేవుకీ రేవుకీ మధ్య వ్యాపారం చేస్తే యూరపు నుంచి వెండి తేవాల్సిన అవసరమే తగ్గుతుందని పైవాళ్ళకి ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాడు. ఇప్పటి మేనేజ్‌మెంటు పాఠాల్లో పెట్టదగ్గ వ్యూహం. అదే కూన్ 1621లో జాజికాయ గుత్తాధిపత్యం కోసం బందా దీవుల మీద దండెత్తాడు. దాదాపు పదిహేను వేలమంది జనాభాలో అత్యధికుల్ని చంపడమో, ఆకలికి వదిలేయడమో, బానిసలుగా పట్టుకెళ్ళడమో జరిగింది. ఆమ్‌స్టర్‌డామ్‌కి కబురు చేరడానికే నెలలు పట్టేది. పెద్దలు కాస్త మందలించారు. తర్వాత మళ్ళీ అతన్నే గవర్నర్ జనరల్‌గా పంపారు.

లెక్కల పుస్తకం మూసి ఉంచడం వల్ల దూరదృష్టికి చోటు దొరికిందన్నది నిజం. ఆ చీకట్లోనే బందా జరిగిందన్నది కూడా నిజమే. ఈ రెంటిలో ఒకటే చెప్పేవాళ్ళని నేను నమ్మలేకపోతున్నాను.

*

మొదటి సనదు ఇరవయ్యొక్క ఏళ్ళకి. అది ముగిసే ముందు, 1622లో, అసమ్మతి వాటాదారులు కరపత్రాలు వేశారు, పేర్లు లేకుండా. డైరెక్టర్లు తమ సొంత సరుకులే కంపెనీకి అమ్ముకుంటున్నారు, కంపెనీ సరుకుని తామే చవగ్గా కొనుక్కుంటున్నారు, లెక్కలు మాత్రం చూపించరు అని ఆరోపణలు. ఇప్పటి భాషలో 'సంబంధిత పక్షాలతో లావాదేవీలు'. నా పీడీఎఫ్‌లో కూడా ఆ పేరుతో ఒక భాగం ఉంది.

ఈసారి ప్రభుత్వం కొంత దిగొచ్చింది. కొత్త సనదులో డైరెక్టర్ల పదవికి మూడేళ్ళ గడువు పెట్టారు. కంపెనీతో సొంత వ్యాపారం మీద ఆంక్షలు పెట్టారు. అన్నిటికన్నా ముఖ్యంగా, పెద్ద వాటాదారుల నుంచి తొమ్మిదిమందితో ఒక సంఘం ఏర్పాటైంది. వీళ్ళు పదిహేడుమంది మండలికి సలహా చెప్పొచ్చు, లెక్కలు చూడొచ్చు. స్వతంత్ర డైరెక్టర్లు, ఆడిట్ కమిటీ అని మనం ఇప్పుడు అంటున్నవాటికి తొలి రూపం ఇదేననుకోవచ్చు.

అయితే ఒక షరతు ఉంది. ఆ తొమ్మిదిమందీ చూసింది బయట చెప్పకూడదు, రహస్యం కాపాడతామని ప్రమాణం చేయాలి. పైగా వాళ్ళు కూడా పెద్ద వర్తకులే. రేపు డైరెక్టరు స్థానం ఖాళీ అయితే దానికి వరసలో ముందుండేదీ వాళ్ళే. లెక్కల పుస్తకాన్ని తెరిచారు గానీ, చూసి ఊరుకునేవాళ్ళ ముందే తెరిచారు. ఖర్చులో ఒక శాతం పద్ధతి కూడా పోయి 1647లో స్థిరమైన జీతాలొచ్చాయి. ఒక్కో సంస్కరణా మంచిదే. ప్రశ్న మాత్రం ఉన్నచోటే ఉంది.

తర్వాత కథ పొడుగాటిది. కంపెనీ ఇంకో నూటయాభై ఏళ్ళు బతికింది, చాలాకాలం బ్రహ్మాండంగా బతికింది. కానీ రేవురేవునా ఉద్యోగులు చాలని జీతాలకి తోడు చాటుగా సొంత వ్యాపారం చేసుకోవడం మామూలైపోయింది. 1684లో వాన్ రేడ్ అనే పెద్దమనిషిని బెంగాలు, కోరమాండల్, సిలోను, మలబారు కొఠీల్లో అవినీతి తనిఖీ చేయమని పంపారు. కేరళ మొక్కల మీద 'హోర్టస్ మలబారికస్' తయారు చేయించినాయన ఈయనే. ఏళ్ళ తరబడి తిరిగి, లెక్కలు తవ్వి, కొంతమందిని ఇంటికి పంపి, 1691లో ఓడ మీదే చనిపోయాడు. ఆ తర్వాత మళ్ళీ మామూలే. 1796లో ప్రభుత్వం డైరెక్టర్ల మండలిని రద్దు చేసింది. 1799 డిసెంబరు 31న సనదు గడువు ముగిసి కంపెనీ కథ అయిపోయింది. అప్పటికి అప్పులు పదికోట్ల గిల్డర్లు దాటాయి. వీఓసీ అన్న మూడక్షరాలకి 'అవినీతి కింద నలిగి నశించింది' అనే అర్థం వచ్చేలా డచ్చి భాషలో ఒక ఎకసెక్కం కూడా మిగిలింది. యుద్ధాలు, ఇంగ్లీషువాళ్ళ పోటీ, మారిన అభిరుచులు, ఇలా పతనానికి కారణాలు చాలా ఉన్నాయి. ఒక్క అవినీతి మీదే తోసేయలేం. కానీ అన్ని కారణాలూ ముదిరేదాకా బయటికి కనపడకుండా ఉంచింది మాత్రం ఆ మూసిన పుస్తకమే.

*

మరి వాటాదారుకి ఓటుంటే అంతా చక్కబడేదా? దీనికి జవాబు పక్కవీధిలో, ఇంగ్లీషుపాలెంలో ఉంది. లండన్ ఈస్టిండియా కంపెనీలో వాటాదారుల సభ ఉండేది. వాళ్ళు ఓట్లేసి డైరెక్టర్లని ఎన్నుకునేవాళ్ళు. డచ్చి వాటాదారులు కలగన్నది దాదాపు అదే. 1765లో బెంగాలు దివానీ చేతికొచ్చింది. ఇంక డబ్బే డబ్బు అని, డైరెక్టర్లు వద్దంటున్నా వినకుండా, 1766లో వాటాదారుల సభ డివిడెండుని 6 నుంచి 10 శాతానికి పెంచింది. మరుసటేడు పన్నెండున్నరకి పెంచబోతే పార్లమెంటు కల్పించుకోవాల్సొచ్చింది. 1769-70లో బెంగాలులో భయంకరమైన కరువు. 1772లో కంపెనీ అప్పు కోసం ప్రభుత్వం గుమ్మం ముందు నిలబడింది. ఇక్కడ పుస్తకం తెరిచే ఉంది, ఓటూ ఉంది. ఓటున్నవాళ్ళు ఆ పుస్తకంలో ఒక్క వరసే చదివారు, తమకొచ్చే వరస.

ఇక మనకి బాగా దగ్గరి సంగతి. 2009 జనవరి 7న నేను ఇంజనీరింగు మూడో సంవత్సరంలో ఉన్నాను. హాస్టల్ టీవీ గదిలో నిలబడే చోటు లేదు. సత్యం కంప్యూటర్స్ వ్యవస్థాపకుడు రామలింగరాజు తన బోర్డుకి రాసిన ఉత్తరం గురించే అన్ని చానెళ్ళలోనూ. లెక్కల్లో చూపించిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేవని అందులో ఉంది. ఆ బోర్డులో పేరు మోసిన ప్రొఫెసర్లు, కేంద్రంలో క్యాబినెట్ కార్యదర్శిగా చేసినాయన, పెంటియమ్ చిప్పు తయారీలో పేరు తెచ్చుకున్నాయన ఉన్నారు. ఆడిటర్లుగా ప్రపంచ ప్రసిద్ధమైన పేరు. అంతకు కొద్ది నెలల ముందే, మంచి కార్పొరేట్ పాలనకి ఒక బహుమతి కూడా వచ్చింది. 2008 డిసెంబరు 16న, కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీలని 160 కోట్ల డాలర్లకి కొనే ప్రతిపాదనని బోర్డు ఆమోదించింది. కొన్ని గంటల్లోనే మదుపుదారులు తిరగబడ్డారు, అమెరికాలో షేరు సగానికి పైగా పడిపోయింది, ఒప్పందం రద్దయింది. లేని ఆస్తుల స్థానంలో ఉన్న ఆస్తుల్ని పెట్టేందుకు అదే చివరి ప్రయత్నమని తర్వాత ఆ ఉత్తరమే చెప్పింది. 2011లో అమెరికా ఎస్‌ఈసీ ఆ ఆడిట్ సంస్థల మీద ఇచ్చిన ఉత్తర్వులో ఒక చిన్న వివరం ఉంది. ఈ డబ్బు నిజంగా ఉందా అని బ్యాంకుల్ని అడిగే కాగితాలు పంపించడం, జవాబులు తెప్పించుకోవడం ఆడిటర్లు కంపెనీ చేతికే వదిలేశారట. 2015లో హైదరాబాదు ప్రత్యేక కోర్టు రాజునీ మరో తొమ్మిదిమందినీ దోషులుగా తేల్చింది. అప్పీలులో శిక్ష అమలు ఆగింది.

ఈ లోపు 2013 కంపెనీల చట్టం వచ్చింది. లిస్టయిన కంపెనీ బోర్డులో మూడోవంతు స్వతంత్ర డైరెక్టర్లుండాలి, ఆడిటర్లని కొన్నేళ్ళకోసారి మార్చాలి. మంచిదే. కానీ 1622 నాటి కరపత్రాల కథ చదివాక నాకు కనబడేది ఇది: సత్యంలో ఆ తొమ్మిదిమందీ ఉన్నారు. పుస్తకమూ వాళ్ళ ముందే ఉంది. అడగాల్సిన ఒక్క మామూలు ప్రశ్న, బ్యాంకుకి ఫోన్ చేశారా అన్న ప్రశ్న, ఎవరూ అడగలేదు. చివరికి తీగ లాగింది షేర్లు అమ్మేసి, కేకలేసిన మదుపుదారులు. అంటే లె మేర్ బాపతు మనుషులే.

*

కిందటి దసరాకి బందరు వెళ్ళినప్పుడు డచ్చి సమాధుల తోటకి వెళ్ళాను. పురావస్తుశాఖ వారి నీలం బోర్డు, గడ్డి, ఇద్దరు పిల్లలు, ఒక మేక. నల్లరాళ్ళ మీద వంశచిహ్నాలు ఎంత అందంగా చెక్కారో! ఆ చెక్కిన చేతులు ఇక్కడివే అయ్యుంటాయి. కింద ఉన్నవాళ్ళు కొఠీ అధికారులు, వాళ్ళ భార్యాపిల్లలు. అక్కణ్ణుంచి పెడన వెళ్ళాను. ఇప్పటికీ కలంకారీ అచ్చులు కొడుతున్నారు. ఒక ముసలాయనతో మాటల్లో వలందుల కంపెనీ సంగతి చెప్పాను. ఆయన అచ్చు కొడుతూనే విని, "బయానా ఎంతిచ్చేవారంట బాబూ?" అని అడిగాడు.

నేను చదివినవాటిలో దానికి తేలికైన జవాబు లేదు. డచ్చివాళ్ళు వర్తకులతోనే వ్యవహరించేవాళ్ళు. మలయ చెట్టి, ఆయన తమ్ముడు చిన్నన్న చెట్టి లాంటి పెద్ద వర్తకుల పేర్లు దస్తావేజుల నిండా ఉన్నాయి. 1660 ప్రాంతాల్లో ఈ తీరపు వర్తకుల చేత కూడా వాటాలు వేయించి చిన్న కంపెనీలు కట్టించారు డచ్చివాళ్ళు, తమకి బట్ట సరఫరా చేయడానికి. ఒకరి బాకీకి అందరూ పూచీ. అంటే కంపెనీ అన్న ఆలోచన కూడా ఈ రేవుల్లోనే దిగింది. సాలె మాత్రం ఎక్కడా వాటాదారు కాదు. అతని నేత ఉంటేనే ఆ చక్రం తిరిగింది, ఆ పుస్తకాల్లో అతను 'తాన్లు ఇన్ని' అన్న అంకెలో కలిసిపోయాడు. బందా దీవివాడు అలా కూడా లేడు. మనం కంపెనీ పాలన గురించి ఎంత మాట్లాడినా, అది డబ్బు పెట్టినవాడికీ నడిపేవాడికీ మధ్య తగవు గానే సాగుతుంది. ఆ ముసలాయన ప్రశ్న ఆ తగవుకి బయటిది. కానీ లెక్క అడగడమంటే నాకిప్పుడు మొదట గుర్తొచ్చేది ఆయన ప్రశ్నే.

ఈ వేసవిలో ఈమెయిల్ మళ్ళీ వచ్చింది. ఆదివారం పొద్దున కాఫీ పెట్టుకుని పీడీఎఫ్ తెరిచాను. మూడు గంటలు పట్టింది. సగం అర్థం కాలేదు. అర్థమైనదాంట్లో ఎక్కువ భాగం సవ్యంగానే ఉంది. పై అధికారుల జీతాల పద్ధతి దగ్గర ఆగాను. ఏ లక్ష్యం చేరితే ఎంత ఇస్తారన్నది నాలుగుసార్లు చదివినా తేలలేదు. చదివి తెలుసుకోలేనిదాన్ని ఆమోదించకూడదనుకుని దానికి మాత్రం 'సమ్మతం కాదు' నొక్కాను. బయట కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్ళ జీతాల గురించి ఒక పేరా అయినా ఎందుకు లేదని, వాటాదారుల ప్రశ్నల కోసం ఇచ్చిన పెట్టెలో ఒక ప్రశ్న రాశాను. మా ఆఫీసు కింద గేటు దగ్గర కూర్చునేవాళ్ళూ, రాత్రుళ్ళు అంతస్తులు తుడిచేవాళ్ళూ ఆ వంద పేజీల్లో ఎక్కడా లేరు.

ఫలితాలొచ్చాయి. నేను కాదన్న తీర్మానం తొంభై శాతం పైగా ఓట్లతో నెగ్గింది. నా ప్రశ్నకి, అందిందని ఒక యంత్రం రాసిన జవాబు వచ్చింది. వచ్చే ఏడు మళ్ళీ అడుగుతాను.